సోమవారాల బండి

సోమవారం వచ్చిందంటే చాలు, బండి మొండికేసేది.

ఆమె తాళం తిప్పింది. లోపల టకటకమంది తప్ప ఇంజను లేవలేదు.

"నాకంటే ముందు దీనికి చేయించవే డయాలసిస్," అన్నాడు బండి వెనక భాగంలో, చక్రాల కుర్చీలో ఉన్న భర్త.

ఆమెకు నవ్వు రాలేదు. పక్కింటివాళ్లను బతిమాలుకుంది. నలుగురు కలిసి తోస్తే బండి దగ్గుతూ దగ్గుతూ లేచింది.

షుగరు జబ్బు ఆయన ఎడమకాలు తీసుకుంది. ఆ తర్వాత కిడ్నీలు. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ సెంటరుకు వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. కుర్చీతో సహా ఎక్కించుకోవచ్చని ఈ పాత వ్యాను కొన్నారు. వెనక సీట్లు తీసేసి, మోటారుతో పైకి లేచే లిఫ్టు పెట్టించిన బండి.

మెకానిక్ ఇప్పటికి రెండు బ్యాటరీలు మార్చాడు. స్టార్టరు విప్పి బిగించాడు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి మీటరు పెట్టి చూశాడు.

"కరెంటు ఎక్కడో లీకవుతోందమ్మా. ఎక్కడో మాత్రం అంతుచిక్కడం లేదు," అని తల గోక్కున్నాడు.

ఆ రోజు సెంటరు గేటు దగ్గర, బళ్లకు చోటు చూపించే మనిషి ఆమెకు అడ్డం వచ్చాడు. మాసిన ఖాకీ చొక్కా, మెడలో ఈల.

"అమ్మా, మీ బండి సోమవారమే కదూ మొరాయించేది?"

"నీకెవరు చెప్పారు?"

"శుక్రవారం నుంచి కదలకుండా ఉంటుంది కదమ్మా, అందుకని. లిఫ్టు కింద చిన్న నల్ల డబ్బా ఉంటుంది. బండి ఆపేశాక కూడా అది వెచ్చగానే ఉంటోంది. ఒక్కసారి చూపించండి."

"మెకానిక్ చూస్తున్నాడులే. నీ పని నువ్వు చూసుకో."

అతను పక్కకు తప్పుకున్నాడు. కానీ బుధవారం మళ్లీ అదే మాట. ఆమె వినిపించుకోనట్టే కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం ఆమె మందుల చీటీ కోసం బయటికి వచ్చేసరికి, బండి కింద నుంచి రెండు కాళ్లు కనిపించాయి.

"ఏయ్! ఎవరది?"

అతను పాకుతూ బయటికి వచ్చాడు. చేతినిండా మడ్డి.

"ఆ డబ్బా తీగ ఊడదీద్దామని..."

"నా బండి ముట్టుకోమని నీకు ఎవరు చెప్పారు? ఇప్పటికే అది నా ప్రాణాలు తోడేస్తోంది. ఉన్నది కూడా పాడుచేస్తావా?"

"అలా కాదమ్మా, ఇవాళ తీయకపోతే సోమవారానికి..."

ఆమె వినలేదు. నెలల తరబడి లోపల కుక్కుకున్న విసుగంతా ఒక్కసారిగా బయటపడింది. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి, ఆ మనిషి గేటు దగ్గరుంటే తాము ఇక్కడికి రాలేమంది.

తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

సోమవారం పొద్దున తాళం తిప్పితే, ఈసారి టక్కుమని కూడా అనలేదు.

పక్కింటివాళ్లు పెళ్లికి వెళ్లారు. ఆమె ఒక్కతే భుజం ఆనించి తోసింది. బండి బెత్తెడు కదిలి, మళ్లీ అక్కడికే వచ్చింది.

భర్త ముఖం ఉబ్బి ఉంది. ఊపిరి పైపైన ఆడుతోంది.

ఆమె అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఇదిగో వస్తున్నామన్నారు. అరగంట తర్వాత చేస్తే మళ్లీ అదే మాట.

"కంగారుపడకే," అన్నాడాయన ఆమె చెయ్యి పట్టుకుని. "నేనెక్కడికి పోతాను?"

అంబులెన్సు వీధి మలుపు తిరిగేసరికి, ఆ చేతిలో పట్టు లేదు.

పదిహేను రోజులకు మెకానిక్ బండి తీసుకెళ్లడానికి వచ్చాడు. లిఫ్టు కింద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైంది?" అంది ఆమె.

"కొత్త బ్యాటరీ తగిలించి గంటయిందమ్మా. బండి ఆపే ఉంది. అయినా ఈ డబ్బా కాలుతోంది." తీగ వెంట వేలు పోనిచ్చాడు. "లిఫ్టుకు తీగ నేరుగా బ్యాటరీ నుంచి లాగారు. అందుకే ఫ్యూజులు పీకినా తెలియలేదు. ఈ ఒక్క తీగ ఊడదీస్తే సరిపోయేది. ఐదు నిమిషాల పని."

ఆమె దగ్గరికి వచ్చి తనూ ఆ డబ్బా మీద చెయ్యి పెట్టింది.

మర్నాడు సెంటరుకు వెళ్లింది. గేటు దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. లోపల, ఆమె భర్తకు సూది గుచ్చే పెద్ద నర్సు కనిపించింది.

"సిస్టర్, గేటు దగ్గర ఉండేవాడే ఈలతో, ఆయన... ఆయన ఇల్లు ఎక్కడ? నేను ఆయన ఉద్యోగం తీయించేశాను. కాళ్లు పట్టుకోవాలి."

నర్సు దూది చుడుతూ తలెత్తింది.

"ఉద్యోగమేమిటమ్మా? మేనేజరు రావద్దన్నారు, రావడం మానేశాడు. అంతే. ఆయనకు ఇక్కడ జీతమూ లేదు, ఏమీ లేదు."

"మరి రోజూ ఎందుకు..."

"ఇల్లు ఎప్పుడో ఖాళీ చేసేశాడు. ఎక్కడ ఉంటాడో మాకెవరికీ తెలీదు." నర్సు చేతిలోని దూదిని నెమ్మదిగా పక్కన పెట్టింది. "ముప్పై ఏళ్లు అందరి బళ్లకూ వైరింగు చేసిన మనిషమ్మా ఆయన, ఒక సోమవారం సొంత బండి లేవక భార్యను ఇక్కడికి తేలేకపోయాడు, అప్పటి నుంచీ ఇంకెవరి బండీ ఆగిపోకూడదని వచ్చి ఆ గేటు దగ్గర నిలబడేవాడు."