దిగని బరువు

"ఏం తిన్నారు ఆంటీ?"

పొద్దున్న ఏడింటికి తనూజ గొంతు. ఫోను మోగేసరికే అప్పలనర్సమ్మ దాన్ని చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంది.

"రాగంబలి తాగినాను. మొలకెత్తిన ఉలవలు తిన్నాను. రాత్రి మునగాకు పప్పు. నూనె సుక్క కూడా వెయ్యనేదు."

"సూపర్ ఆంటీ! కాటా ఏమంటోంది?"

"నిన్నెంతో ఇయ్యాల కూడా అంతే."

అవతల చిన్న నిట్టూర్పు.

ఏం తిన్నావని అడిగే మనిషి ఆమెకి ఇంకెవరూ లేరు. మొగుడు రమణమూర్తి గూడ్సు గార్డుగా ఉన్నన్నాళ్లూ డ్యూటీలో ఏ స్టేషన్లో బండి ఆగినా ఫోను చేసి ఆ మాటే ముందు అడిగేవాడు. ఆయన పోయాక రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, ఆ హిందీ ఊళ్లోనే దయాల్‌బంద్ పేటలో రెండు గదులు అద్దెకి తీసుకుంది. బీపీ వచ్చింది. మోకాళ్లు పట్టేశాయి. బరువు తగ్గితే గాని లాభం లేదన్నాడు డాక్టరు. చెల్లెలి కూతురు విజయనగరంలో ఏదో డైట్ క్లినిక్కు వాళ్ల దగ్గర ఫోన్లోనే చేర్పించి, తన పనిలో తాను పడిపోయింది.

అక్కడ పనిచేసే పిల్లే తనూజ. రోజూ కాటా మీది అంకె ఫొటో తీసి పంపాలి. కంచం ఫొటో పంపాలి. తర్వాత తనూజ ఫోను చేస్తుంది.

అప్పలనర్సమ్మ చేపలు మానేసింది. టీలో పాలు మానేసింది. అన్నం గుప్పెడుకి తెచ్చేసింది. బుధవారీ బజారుకి వెళ్లి ఎర్రతోటకూర, మునగాకు, గుమ్మడికాయ ముక్కలు మోసుకొచ్చేది. మొదట్లో బరువు బాగానే దిగింది. మోకాళ్లు మెట్లెక్కనిచ్చాయి. డాక్టరు ఒక బిళ్ల తీసేశాడు. తనూజ అయితే తనే తగ్గినట్టు సంబరపడింది.

"ఇంకో రెండు కిలోలు ఆంటీ! అది కూడా అయిపోతే చప్పట్ల బొమ్మ పంపిస్తాను. ఇంక నాతో పనే ఉండదు మీకు."

"అచ్ఛా," అంది అప్పలనర్సమ్మ.

ఆ రెండు కిలోల దగ్గరే కాటా మొరాయించింది. చలి వచ్చింది, పోయింది. అంకె కదల్లేదు.

తనూజ పల్లీలు తగ్గించమంది. తగ్గించింది. నడవమంది. అర్పా నది వంతెన దాకా వెళ్లి వచ్చేది. దారిలో పలకరించేవాళ్లు లేరు గనక తొందరగానే వచ్చేసేది.

"దొంగతిండి ఏమైనా తింటున్నారా ఆంటీ? నాకు నిజం చెప్పండి."

"నీ మీదొట్టు తల్లీ. నువ్వు చెప్పింది తప్ప ఏటీ ముట్టుకోనేదు."

"ఒంట్లో ఎలా ఉంటోంది?"

"బానే ఉంది. కుడి భుజమే లాగేస్తంది."

"కాటాయే తప్పు చూపిస్తోందేమో. రేపు వీడియో కాల్లో ఎక్కండి, నేను చూస్తాను."

"నాకా వీడియోలు రావమ్మా."

ఒకరోజు పక్క వాటాలో ఉండే అప్పయమ్మ కరివేపాకు కోసం వచ్చింది. వచ్చినామె కంచంలోకి చూసింది.

"ఒలే నర్సమ్మా, పశువుల మేత నువ్వు మేస్తన్నావేటే? ఆటిక్కూడా కొంచెం ఉంచు."

అప్పలనర్సమ్మ నవ్వి, కరివేపాకు రెబ్బలు తెచ్చి ఇచ్చింది.

"ఈ జాకెట్టు ఎవుల్దే? భుజాలు జారిపోతంది."

"నాదే అప్పా. ఉతికి ఉతికి సాగిపోనాది."

"మరి ఆ సంచేటి, అలా ఉబ్బిపోనాది? మేకు వంగిపోతంది, సూడు."

గోడకి రమణమూర్తి డ్యూటీ సంచి వేలాడుతోంది.

"ఆయన సామానే. జెండాలు, రూల్సు పుస్తకాలు, లాంతరు, బూట్లు."

"పోయినోడి బూట్లు దాసుకుంతారేటే! ఎవులికైనా ఇచ్చీ."

కరివేపాకు కొంగున వేసుకుని అప్పయమ్మ వెళ్లిపోయింది. తలుపు సగం తెరిచే ఉంది. అప్పలనర్సమ్మ లేచి వేసుకుంది.

ఆ శనివారం తనూజ గొంతులో హుషారు లేదు.

"ఆంటీ, ఏమీ అనుకోకండి. నా దగ్గరున్నవాళ్లలో తగ్గనిది మీరొక్కరే. సోమవారానికి కొంచెమైనా దిగకపోతే మీ పేరు వేరే అమ్మాయికి ఇచ్చేస్తామంటున్నారు మా మేడమ్. రాయపూర్ అమ్మాయి. హిందీలోనే మాట్లాడుతుంది."

"నువ్వు ఫోను చెయ్యవా?"

"నా చేతిలో ఏముంది ఆంటీ?"

ఆదివారం ఆమెకి ముద్ద దిగలేదు. కంచం ఫొటో తీసింది గాని, కంచం అలాగే ఉంది. రైల్వే యార్డులో పెట్టెలు ఒకదానికొకటి గుద్దుకుంటున్న చప్పుడు వింటూ, గోడకేసి చూస్తూ కూర్చుంది.

సోమవారం తలుపు గడియ వేసి కాటా ఎక్కింది. ఫొటో పంపింది. ఏడు కాకముందే ఫోను మోగింది.

"ఆంటీ! ఎనిమిది వందల గ్రాములు దిగారు! మేడమ్‌కి చూపించేశాను. మీరు నాతోనే ఉంటారు. ఇంతకీ ఏం మానేశారు?"

"ఏదో ఒకటి తీసేసినాను తల్లీ."

"అంతే, అలా కొంచెం కొంచెంగా. తొందరేం లేదు."

"తొందరేటీ నేదు."

"సరే, చెప్పండి. ఏం తిన్నారు?"

చెప్పింది. ఉలవలు ఎప్పుడు నానబెట్టిందో, ఏ గుడ్డలో మూట కట్టిందో కూడా చెప్పింది. తనూజ అన్నిటికీ ఊ కొట్టింది.

ఫోను పెట్టేశాక అప్పలనర్సమ్మ, పొద్దున్న బయటికి తీసేసిన రమణమూర్తి లాంతరుని కిటికీలో నిలబెట్టి, తను చిక్కుతున్నకొద్దీ ఆయన సామాను ఒక్కొక్కటే నింపుకుంటూ రోజూ భుజాన వేసుకుని కాటా ఎక్కే ఆ డ్యూటీ సంచిని భుజం మీంచి మెల్లగా కిందికి దించింది.