గునపం దిగని నేల

అమ్మ డ్రమ్ము మూత తీయగానే అతను మొహం చిట్లించాడు.

లోపలంతా పురుగులు. తెల్లగా, లావుగా, ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. కుళ్లిన తొక్కలు, గుడ్డు పెంకులు, సెలూన్ నుంచి అడిగి తెచ్చిన జుట్టు. పైన నల్లటి జిగురు. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు.

“అమ్మా! ఏంటీ రోత?”

“ఎరువురా. ఇంకొక్క వారం మాగాలి. నీకు తెలియనిదా!” అంది అమ్మ, మోచేతి దాకా చెయ్యి అందులో పెట్టి కలుపుతూ.

ఆర్నెల్ల క్రితం ఈ పెరట్లో గునపం వేస్తే ఖంగుమని ఎగిరొచ్చేది. ఇల్లు కట్టేటప్పుడు లారీలు తిరిగి తిరిగి నేలను రాయి చేశాయి. వాన పడితే నీళ్లు ఇంకక వారం రోజులు నిలిచేవి. ఇప్పుడు సగం పెరట్లో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగుతోంది. మిగతా సగం కోసమే ఆ డ్రమ్ము.

ఈ ఆర్నెల్లూ అతను పెరటి తలుపే తీయలేదు. కంపు వస్తే కిటికీ మూసుకునేవాడు. ఇవాళ తలుపు తీసింది మేస్త్రీని తీసుకురావడానికి.

“రేపు మా పైఆఫీసరు భోజనానికి వస్తున్నారు. ఈ కంపులో ముద్ద దిగుతుందా? మేస్త్రీ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు పోసెయ్.”

అమ్మ చెయ్యి డ్రమ్ములోనే ఆగిపోయింది.

“మొత్తమా? వంకాయ నారు పోసి పెట్టుకున్నాన్రా!”

“ఆ చేతుల్తోనేగా నువ్వు మాకు వడ్డించేది! తలుచుకుంటే డోకొస్తోంది. ఆ బకెట్టులో ఏంటి?”

“చేప తలలు, బెల్లం. మురగబెట్టాను.”

అతను గోడ పట్టుకుని ఉమ్మేశాడు.

మేస్త్రీ కాలితో మట్టిని నొక్కి చూశాడు. “సార్, నేల పరుపులాగా ఉంది. ఇలాగే పోస్తే కుంగిపోద్ది. ముందు దిమ్మిసతో కొట్టి గట్టిచెయ్యాలి.”

“కొట్టు. రాయిలా కావాలి.”

“ఆర్నెల్ల కష్టంరా!” అమ్మ దిమ్మిసకు అడ్డంగా వచ్చి నిలబడింది. “ఇంత చదువుకున్నవాడివి, నువ్వే ఇలా అంటే ఎట్లా?”

“చదువుకున్నాను కాబట్టే అంటున్నా. అక్షరం ముక్క రాని నీకు ఎవడు నేర్పాడీ పెంట పని?”

అమ్మ అతని ముఖంలోకి వింతగా చూసింది.

వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న అతని భార్య లోపలికి వెళ్లి, మట్టి మరకలు పడ్డ ఒక పుస్తకం తెచ్చింది. రోజూ అత్తగారికి పేజీ చొప్పున చదివి వినిపించేది ఆమే.

“‘పురుగును చూసి ముక్కు మూసుకునేవాడు నేలకు పనికిరాడు,’” గట్టిగా చదివింది. “‘ఇందులోని ప్రతి పనీ నా చేతులతో చేసి చూశాకే రాశాను.’”

“ఇటివ్వు ముందు,” అంటూ అతను చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

మేస్త్రీ దిమ్మిసను గోడకు ఆనించాడు. “రాస్తే అలా రాయాలమ్మా! ఎవరండీ ఆ మహానుభావుడు?”

అమ్మ జిగురంటిన చేతిని కొంగుకు తుడుచుకుని, ఎంతో గర్వంగా కొడుకు వైపు చూపించింది.