గవ్వలు కరిగే నీళ్లు

ఆ మనిషి మళ్లీ వచ్చాడు.

శ్రావణి చేతిలోని వెనిగర్ గ్లాసు కింద పెట్టేసింది. నెల కిందట ముంబయి వర్లిలో, గదికో కుటుంబం ఉండే ఓ చాల్‌లో అతను భార్యను పక్కన కూర్చోబెట్టుకుని శ్రావణి మాటలు విన్నాడు. పోయిన ఆదివారం నాగ్‌పాడాలో భార్య లేదు. చేతిలో సంచి ఉంది. ఇప్పుడు కామాటిపురలో, ఇవాళ్టి సభకు చోటిచ్చిన ముత్తమ్మ గది బయట, వరండాలాంటి గ్యాలరీలో, అదే సంచిని రొమ్ముకు అదుముకుని నిలబడ్డాడు. గడ్డం మాసింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“ఒక్కనివే వచ్చినవా?” పలకరించింది ముత్తమ్మ.

“లే. ఇద్దరం వచ్చినం.”

శ్రావణి అతని వెనక్కి చూసింది. గ్యాలరీలో ఎవరూ లేరు.

“లోపలికి రా మరి. సంచి కింద పెట్టి కూసో.”

“వద్దమ్మా. కింద పెట్టేది గాదు.”

శ్రావణికి అక్కణ్నుంచి వెళ్లిపోవాలనిపించింది. అయినా చెప్పక తప్పదు. సముద్రం సంగతులు జనానికి చెప్పడమే ఆమె ఉద్యోగం. మన బండ్ల పొగ గాలిలోంచి సముద్రంలో కలుస్తోందనీ, నీళ్లు పులుపెక్కుతున్నాయనీ, గవ్వలు కరిగిపోతాయనీ చెప్పి, వెనిగర్‌లో ఓ గవ్వ పడేస్తుంది. అది బుసబుసా నురగలు కక్కుతుంది. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకుంటారు.

నిజానికి సముద్రం నాలుకకు తెలిసేంత పుల్లబడదు. అందులోని క్షారం కొద్దికొద్దిగా తగ్గుతోంది, అంతే. కానీ అంత నెమ్మదిగా చెబితే వినే నాథుడెవరు? కాస్త భయపెడితేనే జనం కదులుతారని శ్రావణి నమ్మకం.

నాగ్‌పాడాలో ఈ మనిషే లేచి, పోచయ్యనని పేరు చెప్పుకుని, “గవ్వలు కరిగినట్టు మనిషి బొక్కలు గూడ కరుగుతయా మేడం?” అని అడిగాడు. అంతా గొల్లున నవ్వారు. శ్రావణి కూడా నవ్వేసి, “ఎందుకు కరగవు కాకా! ఎముకలేంటి, అన్నీ కరుగుతాయి,” అంది.

ఆ నవ్వు గుర్తొచ్చి శ్రావణి ఇప్పుడు అతని సంచి వైపే చూస్తోంది. భార్య ఏమైంది? ఆ సంచిలో ఏముంది?

ఇవాళ గవ్వ వేశాక అతను మళ్లీ నోరు తెరిచాడు.

“ఎన్ని దినాలు పడ్తది మేడం? మొత్తం కరగనీకె?”

శ్రావణి జవాబు చెప్పేలోపే కింద ఎవరో కేకేశారు. “నల్లా వచ్చింది!”

నీళ్ల కేక వినబడితే చాల్‌లో ఇక సముద్రం ఎవరిక్కావాలి? బకెట్లు, బిందెలు పట్టుకుని అందరూ మెట్లమీద పడ్డారు. ముత్తమ్మ అందరికంటే ముందు. క్షణంలో గది ఖాళీ.

గుమ్మంలో పోచయ్య.

శ్రావణి గ్లాసులు బ్యాగులో కుక్కుకుని పక్కనుంచి దూసుకుపోయింది. వెనకాలే అడుగులు. చీకటి మెట్ల మలుపులో చెప్పు జారి శ్రావణి గోడకు కొట్టుకుంది. కింద బిందెల గోలలో తను అరిచినా ఎవరికీ వినబడదు.

“ఆగు బిడ్డా. నిన్నొక మాట అడగాలె.”

“దగ్గరికి రాకు కాకా! పోలీసులను పిలుస్తా!”

ఫోను తీసింది గానీ వేళ్లు ఆడలేదు. పోచయ్య రెండు మెట్లు పైనే ఆగిపోయాడు. సంచి మూతి విప్పాడు. లోపల ఏదో ఎర్రబట్ట.

“ఏముంది అందులో?” శ్రావణి కళ్లు గట్టిగా మూసుకుని అరిచింది.

“నా పెండ్లాం భూదేవి బొక్కలు బిడ్డా, సముద్రంల కలుపుదామని పోయినప్పుడల్లా నువ్వు చెప్పిందే యాదికొచ్చి భయపడి మర్లొస్తున్న, బతికినన్నాళ్లు ఆమెకు పులుపు పడకపోతుండె.”