బి రిజిస్టరులో అంకె

“నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ మేడమీది గది ఇవ్వనని నలుగురిలో అనేశాను. అన్నమాట వెనక్కి తీసుకోవడం నా ఒంట్లో లేదు,” అన్నాడు మామగారు, పాత కంప్యూటరు మూతకు చివరి స్క్రూ బిగిస్తూ. “అందుకే తీర్పు దీనికి వదిలేద్దాం. ఇదైతే ఎవరి మొహమూ చూడదు.”

కోడలు బిక్కమొహం వేసింది. పుస్తకాలు చదివి రికార్డు చేయడం ఆమె పని. కింద చప్పుడు లేని చోటు లేక బట్టల బీరువాలో తల దూర్చి చదువుతోంది. అంత చేసినా, పోయిన పుస్తకంలో కథానాయకుడు కన్నుమూసే ఘట్టంలో కుక్కరు మూడు కూతలు కూసింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తామని ప్రచురణకర్త మొహం మీదే చెప్పాడు. ఇంట్లో నిశ్శబ్దంగా ఉండేది ఈ గది ఒక్కటే. ఇందులో చూస్తే మామగారి పాత యంత్రాలు కొలువుదీరి ఉన్నాయి.

ఈ కంప్యూటరు ఆయన ఉద్యోగంలో చేరిన నాటిది. తెర లేదు. బుల్లి ఎర్రంకెలు వెలిగే చిన్న కిటికీ, దాని కింద రెండు వరసల బటన్లు, అంతే. వారం రోజులుగా దాన్ని బాగుచేస్తూ, వద్దు మొర్రో అన్నా వినకుండా కోడలికి పాఠాలు చెప్పాడు.

“రిజిస్టరంటే ప్రాసెసరు గుప్పిట అనుకో. లెక్క మధ్యలో అంకెను కాసేపు అందులో పట్టుకుంటుంది. తప్పు ఎక్కడుందో తెలియాలంటే మధ్యలో ఆపి, గుప్పిట విప్పి చూడాలి. కావాలంటే మనకు నచ్చిన అంకె అందులో పెట్టి మళ్లీ నడిపించొచ్చు. మార్చిన సంగతి దానికే తెలియదు.”

“నాకెందుకు మామయ్యా ఇవన్నీ? అవతల పాలు పొంగుతున్నాయి.”

“పొంగనీ. జవాబు ఉండేది బి అనే రిజిస్టరులో. రిజిస్టరు బటన్, బి, కావలసిన అంకె. మూడే నొక్కులు. ఏదీ, అప్పజెప్పు.”

ఎక్కాలు అప్పజెప్పినట్టు ఆమె రోజూ అప్పజెప్పి, మాడిన గిన్నెలు తోముకునేది.

ఇప్పుడు ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “చీటీ తీసినట్టు ఇదే ఒక అంకె తీస్తుంది. ఒకటి వస్తే గది నాది. రెండు వస్తే నీది. తర్వాత ఏడుపులు, అలకలు ఉండకూడదు. సరేనా?”

“సరే మామయ్యా.”

ఆయన బటన్ నొక్కాడు. అంకెలు గిర్రున తిరిగి ఆగాయి. “ఫలితం చూపించే ముందు దీన్ని ఒకసారి ఆగమన్నాను, అంతా సవ్యంగా ఉందో లేదో చూద్దామని,” అంటూ కిటికీ మీదికి వంగి కళ్లు చికిలించాడు. “బి రిజిస్టరులో ఎంతుందో కంటికి ఆనడం లేదు. కళ్లజోడు ఎక్కడ పెట్టి చచ్చానో. కింద చూసొస్తాను. నువ్వు దేన్నీ ముట్టుకోకు.”

ఒక్కో మెట్టుకూ ఒక్కో దగ్గు దగ్గుతూ ఆయన దిగిపోయాడు.

కోడలు తొంగి చూసింది. ఒకటి. మళ్లీ బీరువా, మళ్లీ కుక్కరు, ఆపైన అసలు పనే ఉండదు. జన్మలో పరీక్షలో పక్కవాళ్ల పేపరు చూసి ఎరగని మనిషి ఆమె. కానీ వేళ్లు ఆగలేదు. రిజిస్టరు, బి, రెండు. యంత్రం కిక్కురుమనకుండా రెండు చూపించింది. మెట్ల మీద మళ్లీ దగ్గు వినబడేసరికి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

“ఇల్లంతా గాలించాను, దొరకలేదమ్మా. రన్ బటన్ నేను నొక్కుతాను, ఎంతొచ్చిందో నువ్వే చదువు.”

“రెండు... రెండు వచ్చింది మామయ్యా.” గొంతు అమ్ముకుని బతికే ఆమె ఆ ఒక్క అంకె చదవడానికి తడబడింది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “ఓడిపోయాను. నా యంత్రమే నన్ను గదిలోంచి గెంటేసింది. ఏం చేస్తాం, దాని మాటకు తిరుగులేదు.”

ఆయన మొహం చూసేసరికి ఆమెకు సిగ్గేసింది. “మామయ్యా, మీరు కిందికి వెళ్లినప్పుడు నేను...”

“ఓదార్పులొద్దు. వచ్చి ఈ చివర పట్టుకో, బరువుగా ఉంటుంది,” అని ఆమె మాటకు అడ్డొచ్చి, ఆయన ప్లగ్గు తీయడానికి వంగాడు.

ఆయన స్వెట్టరు జేబులోంచి కళ్లజోడు జారి కింద పడింది.