వెనక బల్ల

"మా చెల్లెలికి చదువు నేర్పే పూచీ నాది బావా" అని నా పెళ్ళిలో నా భార్య అన్న మాటిచ్చాడు. ఆయన మా బట్టల మిల్లులో షిఫ్టు దిగిన కూలీలకు చదువు చెప్పేవాడు. రంగులద్దేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, నాలుగు భాషలవాళ్ళం ఒకే గదిలో కూర్చునేవాళ్ళం.

తనిఖీ దగ్గరపడగానే చురుకైనవాళ్ళను ముందుకు తెచ్చి, తడబడేవాళ్ళను వెనక్కి పంపాడు. నేను ముందు బల్లకు, నా భార్య వెనక బల్లకు.

"అన్నయ్యా, బోర్డు నడిమధ్య అక్షరాలే కనబడుతున్నాయి. రెండు కొసలూ పొగ కమ్మినట్టున్నాయి."

"ఇక్కడ అన్నయ్య లేడు, మాస్టారు అను. పొగ బోర్డు మీద లేదు, నీ బుర్రలో ఉంది."

గదంతా నవ్వింది. "మట్టిబుర్రకి కుట్టుమిషనే గతిలెండి మాస్టారూ" అని ఆమె లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

కొన్నేళ్ళకు మిషను సూది వేలిలో దిగింది. అప్పుడు గానీ చూపు పోతోందని తెలియలేదు. "ముందే తీసుకొస్తే మందులతో ఆపేవాళ్ళం" అన్నాడు డాక్టరు.

నాకు చదువు అబ్బింది. దొరికిన పుస్తకమల్లా చదివాను. ఆ జబ్బు తల్లి నుంచి బిడ్డకు రావచ్చని ఒకదానిలో చదివి, మా అత్తగారి చూపు ఎలా పోయిందని నా భార్యను అడిగాను.

"ముందు పక్కలు కనబడటం మానేశాయట. నేను పసిదాన్ని, నాకు తెలీదు. అన్నయ్యే అమ్మ చెయ్యి పట్టుకుని తిప్పేవాడు. పోనీలెండి, వాణ్ణేమీ అనకండి" అంది.

ఆమె అనదు. నేను అంటాను. ఆమె కళ్ళు పోగొట్టింది మా బావ.