పదో పనిదినం

"మా ఆయనకి అన్నం లేకపోయినా గడుస్తుంది పిన్నీ, రూలు లేకపోతే గడవదు."

కంప్యూటరు ముందు కూర్చున్న ఆమె అన్న మాట ఇది. టైలరింగ్ షాపు ఆమె పేరు మీదే ఉంది. పక్కన గుండీలు కుడుతున్న పిన్ని తలెత్తకుండానే, రూళ్ళకీ వారానికో ఉపవాసం ఉంటే బాగుండేదంది.

వేరే దేశం మనిషిని వీసా మీద పనిలో పెట్టుకున్న దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఒకటే పారాయణం. యజమాని పాటించాల్సిన నిబంధనలు ముప్పై రెండు పేజీలు. ఆయన వాటిని కళ్ళజోడు లేకుండానే అప్పజెప్పగలడు. చూడవచ్చిన చుట్టాలు మూడో పేజీ దగ్గరే చెప్పులు వెతుక్కునేవారు.

ఆ రోజు మాత్రం ఆయన వల్లిస్తున్నది ఒక్క పేరానే. వీసా మీద వచ్చిన పనివాడు చెప్పాపెట్టకుండా వరసగా పది పనిదినాలు రాకపోతే, పదో రోజు సాయంత్రం అయిదు లోపల యజమాని ఆ సంగతి వీసా ఆఫీసుకు తెలియజేయాలి. తెలియజేస్తే పనివాడి వీసా రద్దు. తెలియజేయకపోతే వేరే దేశం వాళ్ళని పెట్టుకునేందుకు షాపుకిచ్చిన అనుమతి రద్దు.

వీసా మీద ఉన్న ఆ కటింగ్ మాస్టారు రాక ఆ రోజుకి పది. గోడ గడియారం మూడు చూపిస్తోంది.

మాస్టారు ఆరేళ్ళుగా వాళ్ళ దగ్గరే ఉన్నాడు. ఆయన కత్తెర పడితే గుడ్డ తనంతట తానే దారిచ్చేది. మాస్టారు నెల సెలవు మీద సొంత దేశం వెళ్ళినప్పుడే, పాత షాపు గోడలు నెమ్మెక్కి బట్టలు పాడవుతున్నాయని వీళ్ళు ఊరికి ఈ చివర కొత్త షాపులోకి మారారు. ఆ సంగతి ఆమె భర్త మాస్టారికి మెసేజ్ పెట్టాడు. జవాబు వచ్చిందా అని భార్య అడిగితే, అది తెలియజేసే మెసేజే గానీ జవాబు కోరే మెసేజ్ కాదన్నాడు.

కొత్త షాపులో రంగు వాసన ఇంకా పోలేదు. టెలిఫోను కనెక్షన్ రాలేదు. స్కూలు యూనిఫాంల తానులు విప్పనే లేదు. సెలవు అయిపోయిన మర్నాటి నుంచి అందరూ గుమ్మం కేసి చూడటమే పని. మొదట విమానం ఆలస్యమనుకున్నారు. తర్వాత జ్వరమనుకున్నారు. మాస్టారి ఫోను మోగనే మోగడం లేదు. ఎనిమిదో రోజుకి ఒకరికొకరు కారణాలు చెప్పుకోవడం కూడా మానేశారు.

మనసాగక ఆ మధ్యాహ్నమే ఆమె మాస్టారి గది వెతుక్కుంటూ వెళ్ళింది. గదిలో ఉండే రెండో అతను రాత్రి కాపలా డ్యూటీ చేసి నిద్రపోతున్నాడు. తలుపు సగమే తీశాడు. మాస్టారు ఎప్పుడో వచ్చేశాడని, రోజూ పొద్దున్నే కత్తెర సంచీ, అన్నం డబ్బా పట్టుకుని వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడని చెప్పాడు.

"ఎక్కడికి వెళ్తున్నాడు బాబూ?"

"డ్యూటీకేనమ్మా. ఇంకెక్కడికి?"

ఎవరి దగ్గర డ్యూటీ అని అడిగేలోపు తలుపు పడింది. తిరుగు బస్సులో సీటున్నా ఆమె కూర్చోలేదు.

సంగతి విని ఆయన బుసకొట్టాడు.

"ఎవడో లాగేసుకున్నాడన్నమాట. సెలవుకి వెళ్ళే రోజు నిలబెట్టి మరీ చెప్పానా? నీ వీసా కాగితంలో రాసున్న చోట తప్ప ఇంకో గుమ్మంలో కత్తెర తీశావో, నీ వీసా పోతుంది మాస్టారూ అని. చెవినెక్కించుకుంటేగా."

"మీ రూళ్ళు వినలేకే పోయుంటాడు అల్లుడుగారూ," అంది పిన్ని.

ఆమెకు నవ్వు రాలేదు. మాస్టారి పెద్దమ్మాయి నర్సు చదువు ఇంకో ఏడాదుంది. వీసా పోతే ఆ చదువు అక్కడితో ఆఖరు. పోనీ ఊరుకుందామా అంటే, షాపు అనుమతి పోయాక ఇంకో కటింగ్ మాస్టారు దొరికేదాకా ఈ షాపు నిలవదు, పిన్ని సూదికీ పని ఉండదు.

"మోసం చేసే మనిషి కాదండీ," అంది చివరికి.

"పొద్దున్నే సంచీ పట్టుకుని ఎక్కడికి పోతున్నాడు మరి? గుడికా?"

ఆమె కంప్యూటరు కేసి తిరిగి, ఆఫీసుకి పంపాల్సిన ఫారం తెరిచింది.

ఫారానికి మాస్టారు ఆఖరిసారి సంతకం చేసిన హాజరు పేజీ జతచేయాలి. ఆ పుస్తకం పాత షాపు గోడ అల్మరాలో ఉండిపోయింది. తాళాలింకా వీళ్ళ దగ్గరే ఉన్నాయి. పేజీ ఫోటో తీసి పంపుతాను, రాగానే జతచేసి బటన్ నొక్కెయ్యమని చెప్పి ఆయన బస్సెక్కాడు. మారిన దగ్గర్నుంచి ఎవరూ అటు వెళ్ళింది లేదు.

ఆమె ఒక్కో గడీ నింపింది. 'రాకపోవడానికి కారణం' అన్న చోట తెలియదని రాసింది. చెరిపేసింది. వేరేచోట పనిచేస్తున్నట్టు అనుమానం అని రాసింది. అదీ చెరిపేసి, మళ్ళీ అదే రాసింది. పిన్ని దారం తెంపి, కొత్త దారం ఎక్కించకుండా సూదిని అలాగే పట్టుకుని కూర్చుంది.

నాలుగూ యాభైకి ఫోను మోగింది.

"ఫోటో ఏదండీ?"

అవతల బస్సుల చప్పుడు. ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది.

"నొక్కేశావా?"

"ఇంకా లేదు. పది నిమిషాలే ఉంది."

"నొక్కకు."

"ఏమైందండీ?"

ముప్పై రెండు పేజీలు గుక్క తిప్పుకోకుండా చదివే మనిషికి రెండు ముక్కలు కూడబలుక్కోవడం కష్టమైంది.

"షాపు చిరునామా మారిందని ఆఫీసుకి రాయడం మర్చిపోయాను. మాస్టారి వీసా కాగితంలో ఇంకా పాతదే ఉంది. తప్పు నాదే," అన్నాడు. "ఫోను పాడైందట, మెసేజ్ చూడలేదు. మాస్టారు రోజూ పనికి వస్తూనే ఉన్నాడు, ఇక్కడికి, తాళం వేసిన పాత గుమ్మం దగ్గరికి."