పాత రకం కప్ప

అప్పటికి పొలాలన్నిటా కంపెనీ కప్పలే తిరుగుతున్నాయి. దోమల్ని తినడానికి తయారుచేసిన ఆ కప్పలు పైకి చూస్తే పాతవాటిలాగే ఉండేవి. పాత రకం ఎక్కడైనా కనబడితే ప్రభుత్వం ఆ చోటును అభయారణ్యంగా ప్రకటించి, మనుషుల్ని పట్నం ఫ్లాట్లకు తరలించేది.

ఒక సాయంత్రం నీళ్లబాన జరుపుతుంటే పైడితల్లికి ఒక కప్ప దొరికింది. దాని వెనక కాలు చాపి చూసింది. కంపెనీ కప్పకు వేళ్ల మధ్య పొర చివరిదాకా ఉంటుంది. దీనికి సగంలోనే ఆగిపోయింది. వీపు మీద సన్నటి పసుపు గీత కూడా ఉంది.

"పాతదే," అంది భర్త వరహాలుతో.

"నాను ఈ ఇల్లొదిలి ఎక్కడికీ రాను. ఏటవతల వదిలేద్దాం పద."

"అక్కడ కొండమ్మత్త ఇల్లుంది కదా! ఆ ముసిల్ది ఎక్కడికి పోతాది?"

వరహాలు కప్పను బకెట్లో వేశాడు. చినుకుల్లో ఇద్దరూ ఏరు దాటారు. కొండమ్మ పెరటి గట్టు మీద పైడితల్లి బకెట్టు వంచబోయి, చేతులు రాక నిలబడిపోయింది.

వానకు కప్ప బెకబెకమంది. కంపెనీ కప్పలు అరవవు. ఆ చప్పుడు ఊరంతా వింటుందని ఇద్దరూ బిగుసుకుపోయారు. అంతలో పెరట్లోని అరటిచెట్ల కిందనుంచి మరో కప్ప బదులు పలికింది.

కొండమ్మ తలుపు తీసుకుని వచ్చి, బకెట్టు కేసి చూసింది.

"మీకూ ఉందేటే? నానొక్కదాన్నే దాస్తన్నాననుకున్నాను," అంది. "తడిసిపోతన్నారు, లోనికి రండి. దాన్నీ తెండి."